ఊరే వెతుక్కునే పోలీస్ చీఫ్

అమెరికాలో పోలీస్ చీఫ్ అంటే ఒక ఊరి పోలీసు శాఖకు పెద్ద. ఆయన్ను పైనుంచి ఎవరూ పంపరు. ఊరే ప్రకటన ఇస్తుంది, దరఖాస్తులు తెప్పించుకుంటుంది, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడుతుంది, జీతం కుదుర్చుకుని పెట్టుకుంటుంది. ఆ దేశంలో ఊరి స్థాయి నుంచి కేంద్రం దాకా దాదాపు 18,000 పోలీసు సంస్థలున్నాయి. వాటిలో ఊళ్లకు చెందిన శాఖలే 12,000 దాకా ఉంటాయి. ఈ శాఖల్లో సగానికి దగ్గరగా పూర్తికాలపు అధికారులు పదిమంది కూడా లేనివే. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసులను సినిమాల్లో చూసినవారికి ఈ లెక్క వింతగా తోస్తుంది. కానీ అమెరికాలో ఎక్కువ ఊళ్లకు తెలిసిన పోలీసు శాఖ ఇలాంటి చిన్నదే.

తెలుగు రాష్ట్రాల్లో పద్ధతి వేరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు పోలీసును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. ఎస్సై నుంచి ఎస్పీ దాకా అందరూ రాష్ట్ర శాఖలో పనిచేసేవారే. పోస్టింగు, బదిలీ ఉత్తర్వులు పైనుంచి వస్తాయి. స్టేషన్‌లో ఎవరు కూర్చోవాలో చెప్పే అధికారం మున్సిపల్ చైర్‌పర్సన్‌కు లేదు. కొత్త ఎస్సై వచ్చాడని ఊరికి తెలిసేది ఆయన చార్జి తీసుకున్నాకే. రాజకీయ ఒత్తిడితో జరిగే బదిలీలను అదుపు చేయడానికి సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. యూపీఎస్సీ సిద్ధం చేసిన ముగ్గురు సీనియర్ల జాబితా నుంచే డీజీపీని తీసుకోవాలని, డీజీపీ మొదలు స్టేషన్ హౌస్ ఆఫీసర్ దాకా కనీసం రెండేళ్లు కదపకూడదని చెప్పింది. అధికారి ఊరికి జవాబుదారీగా ఉండాలి, ఊరి పెద్దలకు లొంగి ఉండకూడదు. అమెరికా చిన్న పట్టణాలు చీఫ్‌ను ఎంచుకునేటప్పుడు పడే తంటా కూడా ఇదే.

చీఫ్‌కూ షెరీఫ్‌కూ తేడా ఉంది. షెరీఫ్ జిల్లాలాంటి కౌంటీ మొత్తానికి చెందినవాడు, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఓట్లతో గెలిచి వస్తాడు. చీఫ్‌కు సాధారణంగా ఎన్నిక ఉండదు, నియామకమే. పది పన్నెండు మంది ఉన్న శాఖలో చీఫ్ పని గదిలో కూర్చుని ఫైళ్లు చూడడంతో అయిపోదు. బడ్జెట్ రాయాలి, కౌన్సిల్ సమావేశంలో జవాబు చెప్పాలి, కొత్తవారిని చేర్చుకోవాలి, ఫిర్యాదుల మీద విచారణ జరపాలి, ఎవరైనా సెలవు పెడితే తనే గస్తీ కారెక్కాలి. పెద్ద నగరంలో ఈ పనులకు ఒక్కో విభాగం ఉంటుంది. చిన్న ఊళ్లో అన్నిటికీ ఒకే మనిషి. అందువల్ల ఆ మనిషి స్వభావమే శాఖ స్వభావం అవుతుంది.

ఈ స్వభావ ప్రభావం ఎంత దూరం పోతుందో భారతీయులకు బాగా తగిలిన ఒక ఘటనలో కనిపిస్తుంది. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని హంట్స్‌విల్ నగర శివారు మాడిసన్‌లో, గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన వీధిలో నడుస్తున్నాడు. ఎవరో అనుమానించి పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. వచ్చిన అధికారి ఆయన్ను నేలకేసి పడదోస్తే వెన్ను దెబ్బతిని శరీరం పాక్షికంగా చచ్చుబడింది. వారం తిరక్కుండా అక్కడి చీఫ్ విలేకరుల ముందుకు వచ్చి ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పాడు. ఆ అధికారిని అరెస్టు చేయించి, తొలగించాలని ప్రతిపాదించాడు. తర్వాత ఫెడరల్ కోర్టులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 2016 జనవరిలో జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా ప్రకటించారు, అదే ఏడు అతను తిరిగి ఉద్యోగంలో చేరాడు. శిక్ష పడుతుందో లేదో చీఫ్ చేతిలో లేదు. మొదటి వారంలో శాఖ తప్పును దాస్తుందా, ఒప్పుకుంటుందా అన్నది మాత్రం చీఫ్ చేతిలోనే ఉంది.

చీఫ్‌ను నియమించేది ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి ఊరి చార్టర్‌ను బట్టి మారుతుంది. కొన్ని ఊళ్లలో మేయర్ పేరు ప్రతిపాదిస్తే కౌన్సిల్ ఆమోదిస్తుంది. శివారు పట్టణాల్లో బాగా వ్యాపించిన పద్ధతి ఇంకొకటి. గెలిచిన కౌన్సిల్ ఒక సిటీ మేనేజర్‌ను జీతానికి పెట్టుకుంటుంది, చీఫ్‌ను ఆ మేనేజర్ నియమిస్తాడు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ పట్టణం ఇలాంటి మేనేజర్‌ను మొదట పెట్టుకుంది. పోలీసు కుర్చీకీ ఎన్నికల రాజకీయానికీ నడుమ ఒక గోడ కట్టడమే దీని ఉద్దేశం. విస్కాన్సిన్‌లో ఆ గోడ మరీ ఎత్తు. అక్కడ చాలా పట్టణాల్లో ఐదుగురు పౌరులతో పోలీసు, ఫైర్ కమిషన్ ఉంటుంది. చీఫ్‌ను పెట్టేదీ, తప్పు చేస్తే విచారించి తీసేసేదీ ఆ కమిషనే. మేయర్‌కు కోపం వచ్చినంత మాత్రాన చీఫ్ ఉద్యోగం పోదు. పెన్సిల్వేనియాలో బరోలు అనే చిన్న పట్టణాల్లో నియామకం కౌన్సిల్‌దైతే, రోజువారీ అజమాయిషీ మేయర్‌ది. కౌన్సిల్‌కూ మేయర్‌కూ పడని చోట చీఫ్ రెండు ఎడ్ల మధ్య లేగదూడలా నలిగిపోతాడు. మసాచుసెట్స్ చట్టంలో రెండు రకాల చీఫ్‌లున్నారు. వాళ్లను అక్కడివారు ‘బలమైన చీఫ్’, ‘బలహీన చీఫ్’ అనే పిలుస్తారు. మొదటి రకం ఊళ్లో శాఖ నిబంధనలు చీఫే రాసుకుంటాడు, రెండో రకం ఊళ్లో ఆ అధికారం ఊరి పెద్దల బోర్డుదే. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీలో చాలా చోట్ల సొంత శాఖలోనే పెరిగినవాడు పదోన్నతి మీద చీఫ్ అవుతాడు. శాఖ రోజువారీ నడక చీఫ్ బాధ్యతేనని అక్కడి చట్టం స్పష్టంగా చెబుతుంది.

ఈ గోడలన్నీ పాత అనుభవం నేర్పినవే. 19వ శతాబ్దంలో ఎన్నికల్లో గెలిచిన పార్టీ పోలీసు ఉద్యోగాలను తనవారికి పంచుకునేది. 1905లో కాలిఫోర్నియాలోని బర్కిలీ అనే చిన్న పట్టణం ఆగస్ట్ వోల్మర్ అనే యువకుణ్ని మార్షల్‌గా ఎన్నుకుంది. అంతకుముందు అతను ఉత్తరాలు పంచేవాడు. 1909లో ఆ పదవి పోలీస్ చీఫ్‌గా మారింది. సైకిళ్ల మీద గస్తీ, నేర రికార్డుల పద్ధతి, కాలేజీ చదివిన పోలీసులు, వీటన్నిటినీ వోల్మర్ అక్కడే పెంచాడు. ఒక చిన్న ఊరు చేసిన ఒక ఎంపిక దేశం మొత్తం పోలీసు పనికి పాఠం అయింది. ప్రభుత్వం వేసిన విక్కర్‌షామ్ కమిషన్ 1931లో ఇచ్చిన పోలీసు నివేదిక మాత్రం దేశంలో ఎక్కువచోట్ల చీఫ్ పదవికి భద్రత లేదని, రాజకీయ నాయకుల చేతుల్లో అది బొమ్మగా మారిందని తప్పుపట్టింది.

ఎంపిక మొదలయ్యేది పాత చీఫ్ రిటైరైనప్పుడో, రాజీనామా చేసినప్పుడో, తొలగించబడ్డప్పుడో. ఆ ఖాళీలో శాఖలోని లెఫ్టినెంట్‌నో, బయటి నుంచి ఒక రిటైర్డ్ చీఫ్‌నో తాత్కాలికంగా కూర్చోబెడతారు. తాత్కాలిక చీఫ్ తనే శాశ్వత పదవికి పోటీ పడతాడా లేదా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. పోటీదారే కుర్చీలో ఉన్నాడంటే బయటి మంచి అభ్యర్థులు దరఖాస్తు పెట్టడానికి వెనకాడతారు. ఎంపికకు సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. తొందరపడిన ఊళ్లే ఎక్కువగా చేతులు కాల్చుకున్నాయి.

మొదటి పని ప్రకటన రాయడం కాదు. ఊరికి ఏం కావాలో తేల్చుకోవడం. పిల్లల బడుల దగ్గర వేగంగా పోయే కార్లు, షాపింగ్ సెంటర్ దొంగతనాలు, మానసిక అనారోగ్యంతో బాధపడేవారి ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు, ఒక వర్గం ప్రజలను ఎక్కువగా ఆపి సోదా చేస్తున్నారన్న ఫిర్యాదులు, ఒక్కో ఊరి సమస్య ఒక్కోటి. శాఖలోని పోలీసులను విడిగా అడుగుతారు, నివాసులతో సమావేశాలు పెడతారు, సర్వే పత్రాలు పంపుతారు. చాలా ఊళ్లు ఇక్కడే పని తేలిక చేసుకుంటాయి. సమావేశానికి పాతిక మంది వస్తే అదే ఊరి గొంతు అనుకుంటాయి. వచ్చేది సాధారణంగా సొంత ఇళ్లున్న, పెద్ద వయసు, ఓటు హక్కున్న జనం. వీసా మీద పనిచేసే కుటుంబాలకు చాలాచోట్ల స్థానిక ఎన్నికల్లో ఓటు లేదు. కానీ ఇలాంటి బహిరంగ సమావేశంలో మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. టెక్సస్, న్యూజెర్సీ శివార్లలోని తెలుగు కుటుంబాలకు పోలీసు విషయంలో తమ మాట వినిపించడానికి ఇంతకంటే దగ్గరి అవకాశం మరొకటి దొరకదు.

తర్వాతి ప్రశ్న ఇంటివాడా, బయటివాడా? లోపలివాడికి ఊరు తెలుసు, మనుషులు తెలుసు, మొదటి రోజు నుంచే పని నడుస్తుంది. అయితే నిన్నటిదాకా కలిసి భోంచేసిన స్నేహితుడి మీద రేపు విచారణ వేయాల్సి వస్తుంది. బయటివాడు పాత లెక్కలకు బద్ధుడు కాడు గానీ నమ్మకం సంపాదించడానికే ఏడాది పోతుంది. శాఖ బాగానే నడుస్తుంటే లోపలివాడు చాలు. లోపల బూజు పట్టిందని అనుమానం ఉన్నచోట బయటికి చూడక తప్పదు. బయట వెతకడానికి రాష్ట్ర చీఫ్‌ల సంఘాలు, 1893లో పుట్టిన అంతర్జాతీయ పోలీస్ చీఫ్‌ల సంఘం, 1976 నుంచి ఉన్న పోలీస్ ఎగ్జిక్యూటివ్ రిసర్చ్ ఫోరం, ప్రైవేటు సంస్థలు సాయం చేస్తాయి.

అర్హతల్లో మొదటిది రాష్ట్ర ధ్రువీకరణ. కాలిఫోర్నియా 1959లో పోలీసుల ప్రమాణాలు, శిక్షణ కోసం ఒక కమిషన్ పెట్టింది. క్రమంగా మిగతా రాష్ట్రాలూ ఇలాంటి సంస్థలు పెట్టుకున్నాయి. మిన్నెసోటాలో చీఫ్‌కైనా రాష్ట్ర బోర్డు లైసెన్సు ఉండాల్సిందే. ఆపైన ప్రకటనల్లో డిగ్రీ, సార్జెంట్ లేదా లెఫ్టినెంట్‌గా కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. 1935 నుంచి నడుస్తున్న ఎఫ్‌బీఐ నేషనల్ అకాడమీలో పది వారాల శిక్షణ పొందినవారి దరఖాస్తుకు విలువ ఎక్కువ. ఈ పట్టాలు మనిషికి వృత్తి తెలుసని చెబుతాయి. అంతకు మించి చెప్పవు.

దరఖాస్తులను వడపోసి ఐదారుగురిని పిలుస్తారు. వేరే ఊళ్ల చీఫ్‌లు, నివాసులు, బడి అధికారులతో రెండు మూడు ప్యానెళ్లు వేస్తారు. నోటి మాటల కంటే ఎక్కువ చెప్పేవి ఆచరణ పరీక్షలు. బల్ల మీద పదిహేను కాగితాలు పెట్టి, గంటలో దేనిని ముందు చూస్తావో చూపించమంటారు. ఒకదానిలో కౌన్సిల్ సభ్యుడు తన బంధువు చలానా సంగతి రాసి ఉంటాడు, ఇంకొకదానిలో ఒక అధికారి మీద మూడో ఫిర్యాదు ఉంటుంది. కోపంగా ఉన్న నివాసి వేషంలో ఒకరిని ఎదురుగా కూర్చోబెడతారు. కాల్పులు జరిగిన రాత్రి విలేకరులతో ఏం మాట్లాడతావో మాట్లాడి చూపించమంటారు. చివరి ఇద్దరు ముగ్గురిని ఊరి జనం ముందు నిలబెడతారు. అభ్యర్థులకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఇప్పుడున్న ఊళ్లో తెలిస్తే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. ఫ్లోరిడాలో దరఖాస్తులు ప్రజా పత్రాలే కాబట్టి పేర్లు దాగవు. ఇతర రాష్ట్రాల్లో చివరి జాబితా దాకా గోప్యంగా ఉంచడం మామూలే.

ఇక మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఓపిక కోరేది, ఎక్కువసార్లు ఊరిని గట్టెక్కించేది, పూర్వ నడవడి విచారణ. పాత ఊరికి మనిషిని పంపి శాఖ ఫైలు మొత్తం చదవాలి. పాత సహోద్యోగులతో, ఆ ఊరి ప్రాసిక్యూటర్‌తో మాట్లాడాలి. జిగ్లియో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1972లో ఇచ్చిన తీర్పు తర్వాత, సాక్షిగా వచ్చే పోలీసు గతంలో అబద్ధం చెప్పిన రికార్డు ఉంటే ప్రాసిక్యూటర్ దాన్ని ముద్దాయి వైపు లాయరుకు చెప్పి తీరాలి. కోర్టులో మాటకు విలువ లేని మనిషి చీఫ్‌గా పనికిరాడు. ధ్రువీకరణ రద్దయిన అధికారుల పేర్లుండే జాతీయ సూచిక ఒకటి ఉంది గానీ, రద్దు కాకముందే రాజీనామా చేసి తప్పుకున్నవారు అందులో తేలరు. లై డిటెక్టర్ పరీక్షను 1988 చట్టం ప్రైవేటు యజమానులకు చాలామటుకు నిషేధించినా ప్రభుత్వ ఉద్యోగాలకు మినహాయింపు ఇచ్చింది. కొన్ని రాష్ట్రాలు దాన్ని వాడతాయి. మానసిక, వైద్య పరీక్షలు షరతులతో ఉద్యోగం ఇస్తామన్నాకే జరగాలి.

ఫైలు తెరవకపోతే ఏమవుతుందో క్లీవ్‌లాండ్ చూసింది. 2014 నవంబరులో అక్కడ 12 ఏళ్ల బాలుడు టామిర్ రైస్‌ను కాల్చి చంపిన అధికారి అంతకుముందు ఇండిపెండెన్స్ అనే శివారు పట్టణ శాఖలో కొన్ని నెలలు పనిచేసి రాజీనామా చేశాడు. అతను తుపాకీ శిక్షణలో తడబడ్డాడని, ఈ పనికి తగడని ఆ పట్టణ అధికారి రాసిన కాగితం ఫైల్లోనే ఉంది. క్లీవ్‌లాండ్ దాన్ని చదవలేదు. కథ అక్కడితో ముగియలేదు. 2022 జులైలో పెన్సిల్వేనియాలోని టియోగా అనే చిన్న బరో తన ఏకైక పోలీసు అధికారిగా అదే మనిషిని తీసుకుంది. ఊరి జనం పేరు గుర్తుపట్టి రోడ్డెక్కాకే అతను తప్పుకున్నాడు. జీతం పెద్దగా ఇవ్వలేని ఊళ్లకు ఇంకెక్కడా చోటు దొరకనివారు చేరడం మామూలైపోయింది. పేద ఊరు కాబట్టి విచారణ తేలిగ్గా చేద్దాం అనుకోవడం కాదు, పేద ఊరు కాబట్టే గట్టిగా చేయాలి.

చీఫ్ నియామకంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. కాన్సస్‌లో రెండు వేల లోపు జనాభా ఉన్న మారియన్ పట్టణం 2023లో పెద్ద నగర శాఖ నుంచి వచ్చిన అధికారిని చీఫ్‌గా పెట్టుకుంది. అతను పాత ఉద్యోగం ఎందుకు వదిలాడన్నదాని మీద స్థానిక వారపత్రిక మారియన్ కౌంటీ రికార్డ్ అప్పట్లో ఆరా తీసింది. ఆగస్టు 11న అదే చీఫ్ నాయకత్వంలో పోలీసులు ఆ పత్రిక కార్యాలయం మీద, దాని యజమానుల ఇంటి మీద దాడిచేసి కంప్యూటర్లు పట్టుకుపోయారు. 98 ఏళ్ల సహ యజమానురాలు మర్నాడే చనిపోయింది. అక్టోబరులో చీఫ్ రాజీనామా చేశాడు. ఊరు నియామకానికి ముందు కూలంకషంగా అడగాల్సిన ప్రశ్నలను పత్రిక అడగాల్సి వచ్చింది.

ఎంపిక ముగిశాక ఒప్పందం. జీతం, పింఛను, కారు, ఊళ్లో కాపురం ఉండాలా వద్దా, ఇవన్నీ రాసుకుంటారు. వీటికంటే ముఖ్యమైనది తొలగింపు షరతు. ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా తీసేయవచ్చనే ఒప్పందం మీద పనిచేసే చీఫ్, కౌన్సిల్ సభ్యుడి కొడుకు తాగి కారు నడిపితే ఏం చేస్తాడో చెప్పడం కష్టం. అందుకే కాలిఫోర్నియా చట్టం చీఫ్‌ను తీసేయాలంటే రాతపూర్వక నోటీసు, కారణాలు, అప్పీలు చేసుకునే అవకాశం ఇవ్వాలంటుంది. కొన్ని ఊళ్లు ఆరు నెలలో ఏడాదో జీతం పరిహారంగా ఇస్తామని రాసిస్తాయి. ఆ డబ్బు దండగ అనిపించవచ్చు. నిజానికి అది చీఫ్ వెన్నెముకకు ఊరు కట్టే బీమా.

ఆ వెన్నెముక లేకపోతే ఏమవుతుందో మిస్సోరీలోని ఫెర్గూసన్ చెప్పింది. సెయింట్ లూయిస్ శివారైన ఈ ఊళ్లో అప్పట్లో జనాభా దాదాపు 21,000. వారిలో మూడింట రెండొంతులు నల్లజాతివారు. 2014 ఆగస్టు 9న మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక ఊరు రగిలింది. 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదిక ఆ ఒక్క కాల్పుల ఘటన దగ్గర ఆగకుండా శాఖ పని తీరునంతా తవ్వింది. ఊరి ఖజానాకు జరిమానాలే ఆదాయ వనరు అయ్యాయి. 2015 బడ్జెట్‌లో సాధారణ నిధికి రావాల్సిన 1.326 కోట్ల డాలర్లలో 30.9 లక్షలు జరిమానాలు, ఫీజుల నుంచే వస్తాయని అంచనా వేసుకున్నారు. చలానాలు పెంచకపోతే వసూళ్లు పెరగవని ఊరి ఆర్థికాధికారి 2010లోనే చీఫ్‌కు రాశాడు. చీఫ్ కాదనలేదు. గడ్డి పెరిగినా, రోడ్డు మధ్యలో నడిచినా జరిమానా. కట్టలేకపోతే వారంటు. ఆ భారం ఎక్కువగా నల్లజాతి కుటుంబాల మీదే పడింది.

నివేదిక వచ్చిన కొద్ది రోజుల్లోనే సిటీ మేనేజర్, చీఫ్ ఇద్దరూ వైదొలిగారు. తాత్కాలిక చీఫ్‌ల తర్వాత 2016 మేలో మయామీ శాఖలో మూడు దశాబ్దాలు పనిచేసిన డెల్‌రిష్ మాస్ ప్రమాణ స్వీకారం చేశాడు. ఫెర్గూసన్‌కు తొలి శాశ్వత నల్లజాతి చీఫ్ ఆయనే. అదే ఏడాది న్యాయశాఖతో కోర్టు పర్యవేక్షణ ఒప్పందం కుదిరింది. ఆయన 2018లో వెళ్లిపోయాడు, తర్వాత మరికొందరు వచ్చారు. మంచి చీఫ్‌ను తెచ్చినంత మాత్రాన ఊరి బడ్జెట్ మారదు. చీఫ్‌ను ఎంచుకునే కౌన్సిల్, అతని దగ్గర డబ్బు అడగడం మానాలని ముందే తీర్మానించుకోవాలి. అభ్యర్థి కూడా ఇంటర్వ్యూలో తన వంతు ప్రశ్నగా బడ్జెట్ పుస్తకం అడగాలి. జరిమానాల పద్దు ఎంతుందో చూస్తే ఊరు తననుంచి ఏం కోరుతోందో అర్థమవుతుంది.

చీఫ్‌ను వెతకడం తమ తలకు మించిన పని అనుకునే ఊళ్లకు ఇంకో దారి ఉంది. 1954లో కాలిఫోర్నియాలో కొత్తగా ఏర్పడ్డ లేక్‌వుడ్ పట్టణం సొంత శాఖ పెట్టుకోకుండా లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్‌తో డబ్బిచ్చి ఒప్పందం చేసుకుంది. తర్వాత ఎన్నో శివారు ఊళ్లు అదే బాట పట్టాయి. ఫెర్గూసన్ పక్కనే ఉన్న జెన్నింగ్స్ 2011లో తన శాఖను రద్దు చేసి కౌంటీ పోలీసులకు అప్పగించింది. ఖర్చు తగ్గవచ్చు, శిక్షణ మెరుగు కావచ్చు. బదులుగా ఊరు తన పోలీసు పెద్దను తనే ఎంచుకునే హక్కు వదులుకుంటుంది. కొన్నిచోట్ల రెండు మూడు ఊళ్లు కలిసి ఉమ్మడి శాఖ, ఉమ్మడి చీఫ్ పెట్టుకోవడం మధ్యేమార్గం.

సొంత చీఫ్‌ను పెట్టుకున్న ఊళ్లో చివరి ఘట్టం కౌన్సిల్ హాలులో ప్రమాణ స్వీకారం. టౌన్ క్లర్క్ ప్రమాణం చేయిస్తాడు, చాలాసార్లు భార్యో, భర్తో, తల్లో వచ్చి బ్యాడ్జి తగిలిస్తారు. ఆ తర్వాత సాధారణంగా ఆరు నెలలో ఏడాదో పరీక్షాకాలం. కొత్త చీఫ్ ప్రతి అధికారితో విడిగా కూర్చుంటాడు, రాత్రి గస్తీల్లో పక్క సీట్లో తిరుగుతాడు, సాక్ష్యాలు భద్రపరిచే గదిని లెక్క కట్టించి పాత చీఫ్ కాలపు పద్దుతో సరిచూస్తాడు. బళ్లకు, గుళ్లకు, చర్చిలకు వెళ్లి పరిచయం చేసుకుంటాడు. తొంభై రోజులకో ఆరు నెలలకో ఏం చూశాడో, ఏం మారుస్తాడో కౌన్సిల్ ముందు చెబుతాడు. ఆ సమావేశమూ బహిరంగమే.